కారణం డాక్టర్ చెప్పకపోతే, పేరు మంత్రగాడు చెప్తాడు

చేతబడి చేశాడన్న అనుమానంతో మనిషిని చంపారని వార్త వచ్చిన ప్రతిసారీ మనం అనే మాట ఒకటే: మూఢనమ్మకం. పోలీసులు ఊళ్లో కళాజాత పెడతారు, మెజీషియన్ నిమ్మకాయలోంచి రక్తం తెప్పించి చూపిస్తాడు, అంతటితో మర్చిపోతాం. మనం రోగాన్నే తప్పుగా గుర్తించాం.

నమ్మకం ఎవరికి లేదు? రోడ్డు మీద నిమ్మకాయ కనిపిస్తే బండి పక్కకు తిప్పేవాళ్లు హన్మకొండలో బోలెడుమంది. వాళ్లెవరూ మంత్రాలు చేశాడని పక్కింటివాడి పళ్లు పీకడం లేదు. నమ్మకం చేతికి కర్ర ఇచ్చేది చావు, అదీ ఎందుకొచ్చిందో తెలియని చావు. 2020 నవంబర్‌లో జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో చేతబడి అనుమానంతో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని బంధువులే తగలబెట్టారు. ఆ కుటుంబంలో అప్పుడే ఒకరు పోయారు. 2022 జనవరిలో జగిత్యాలలో అదే అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ పొడిచి చంపింది కుల సంఘం సమావేశంలోనే.

ఊళ్లల్లో ఇది ఎట్లా మొదలవుతుందో చూడండి. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవడు. ఆర్ఎంపీ ‘అటాక్’ అంటాడు, అంతే. కొన్నాళ్లకు అదే ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తుంది, ఎంతకీ తగ్గదు. అప్పటిదాకా ఏడ్చిన ఇల్లు ఇక భయపడడం మొదలుపెడుతుంది. ‘గిట్టనోళ్లు ఏదో చేసిండ్రు’ అన్న మాట పుట్టేది అక్కడే. చూసి చెప్పే మంత్రగాడు తెలివైనవాడు, పేరు నేరుగా చెప్పడు, గుర్తులు చెప్తాడు: తూర్పు దిక్కు ఇల్లు, మీకు దగ్గరి మనిషే. పేరు ఊరే పూరిస్తుంది. ఒంటరి ముసలామో, గెట్టు పంచాయితీ ఉన్న దాయాదో దొరుకుతారు. (నూరెకరాల ఆసామి మంత్రాలు చేశాడని ఎన్నడైనా విన్నామా?) చంపేవాళ్ల లెక్కలో అది హత్య కానే కాదు. మిగిలిన పిల్లల్ని కాపాడుకుంటున్నామనే అనుకుంటారు.

చేతబడి లాంటి దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు తెచ్చాయి, మనకూ కావాలని హేతువాదులు అంటారు. తేనీయండి. కానీ హత్యకు శిక్ష ఇప్పుడు మాత్రం లేదా? పిల్లాడు చచ్చిపోతాడన్న భయం ముందు జైలు భయం ఎంత?

నా గొడవంతా సర్కారుతోనే. దేశంలో 2020లో నమోదైన చావుల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మన తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా 5 లక్షలు, అదీ పది రోజుల్లో నామినీ ఖాతాలో పడాలి. మంచి పథకం. కాగితాల కోసం వ్యవసాయ విస్తరణ అధికారి ఆ ఇంటికి వస్తాడు. అంటే చావింటికి పది రోజుల్లో చేరుకోవడం సర్కారుకు చేతనైన పనే! డబ్బు చేరుతుంది, మనిషి ఎందుకు పోయాడో చెప్పే మాట మాత్రం చేరదు. ఆ ఖాళీలోకి మంత్రగాడు దూరుతున్నాడు.

బాలింత చనిపోయినా, ఐదేళ్లలోపు బిడ్డ చనిపోయినా ఇంటికి వెళ్లి వివరాలు రాసుకునే పద్ధతి ఆరోగ్య శాఖలో ఇప్పటికే ఉంది. రాసుకున్నది జిల్లాకు పోతుంది. అందులో తేలింది ఇంటివాళ్లకు తిరిగి చెప్పాలని నిబంధన పెట్టండి, పెద్దవాళ్ల ఆకస్మిక మరణాలకూ అదే వర్తింపజేయండి. దినాలు కాకముందే పీహెచ్‌సీ డాక్టర్ ఆ ఇంటికి వెళ్లాలి. ఇంటివాళ్లతో పాటు కుల పెద్దల్నీ కూర్చోబెట్టి, గుండెపోటైతే గుండెపోటని, పాము కాటైతే పాము కాటని అందరి ముందూ చెప్పాలి.