కాగితాలు పక్కా, మరి జరిగిందేమిటి?

నెలకు 43 డాలర్ల పింఛను కోసం ఎవరైనా 40 లక్షల డాలర్లు అప్పు చేస్తారా? 1953 డిసెంబరులో కార్ల్ క్నెచ్ అనే అరవయ్యేళ్ళ ఆయన చేశాడు. టెక్సస్ బీమా కంపెనీ ఒకదాని దగ్గర పింఛను బాండ్లు కొన్నాడు. జేబులోంచి తీసింది 4,000 డాలర్ల చెక్కు. మిగతా 40 లక్షలు ఆ కంపెనీయే అప్పిచ్చినట్టు రాసుకున్నారు. బాండ్ల మీద రాబడి రెండున్నర శాతం, అప్పు మీద వడ్డీ మూడున్నర శాతం. తెలిసి తెలిసి నష్టపోయే బేరం. కానీ వడ్డీ చూపించి పన్ను తగ్గించుకోవచ్చు, అదీ కిటుకు. ఏటా లక్షా నలభై వేలు వడ్డీ కట్టడం, బాండ్ల విలువ పెరుగుతుందని చెప్పి అందులో పెద్ద భాగం అదే కంపెనీ నుంచి మళ్ళీ అప్పుగా తెచ్చేసుకోవడం. చివరికి బాండ్లలో వెయ్యి డాలర్లే మిగిలేలా చూసుకునేవాడు. దానికి వచ్చే పింఛనే ఆ 43 డాలర్లు.

1960లో అమెరికా సుప్రీంకోర్టు ఈ మినహాయింపు కుదరదంది. కంపెనీకి వెళ్ళిన సొమ్ముకూ తిరిగొచ్చిన సొమ్ముకూ తేడా 91,570 డాలర్లు. అప్పు ఉన్నట్టు కనిపించేలా చేసినందుకు కంపెనీ ఉంచుకున్న ఫీజు అదేనని తేల్చింది. ఇలాంటి కేసుల్లో నేను ముందు వెతికేది ఆ ఫీజునే. మిగతా డబ్బంతా ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది.

"లీగలే అండీ, కాగితాలన్నీ పక్కా" అనే మాట డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మన పార్టీల్లో తరచూ వినిపిస్తుంది. నిజానికి కోర్టులో ఓడిపోయినవాళ్ళ కాగితాలు కూడా పక్కాగానే ఉన్నాయి. ఎవెలిన్ గ్రెగరీ సంగతే చూడండి. ఆవిడ సొంత కంపెనీ చేతిలో ఇంకో కంపెనీ షేర్లు వెయ్యి ఉన్నాయి. నేరుగా తీసుకుంటే డివిడెండు కింద పన్ను పడుతుంది. అందుకని 1928 సెప్టెంబరు 18న ఎవరిల్ అని కొత్త కంపెనీ పెట్టారు, షేర్లు దానికి మార్చారు, 24న దాన్ని మూసేశారు. షేర్లు ఆవిడ చేతికొచ్చాయి. చట్టంలో రాసిన ప్రతి మెట్టూ ఎక్కారు. కింది ట్రిబ్యునల్ సరేనంది కూడా. పిలుపులు, పందిరి, భోజనాలు అన్నీ ఉన్న బొమ్మల పెళ్ళి లాంటిది ఇది. 1934లో జడ్జి లర్నెడ్ హ్యాండ్, 1935లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు.

హ్యాండ్ మాటల్లో సగమే మనవాళ్ళు చెప్పుకుంటారు. ఎవరైనా పన్ను వీలైనంత తక్కువ పడేలా తమ వ్యవహారాలు సర్దుకోవచ్చని ఆయన రాశాడు. అదే తీర్పులో గ్రెగరీని ఓడించాడు కూడా.

ఇండియాలో ఈ చర్చకు మూలం హైదరాబాదులోని ఒక మద్యం కంపెనీ. మెక్‌డోవెల్ వాళ్ళు ఎక్సైజ్ సుంకాన్ని కొనుగోలుదార్ల చేతే నేరుగా ఖజానాకు కట్టించి, అది అమ్మకపు పన్ను లెక్కేసే తమ టర్నోవర్‌లోకి రాదన్నారు. 1985లో సుప్రీంకోర్టు వస్తుందంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి అక్కడికెళ్ళిన జస్టిస్ చిన్నపరెడ్డి విడిగా రాసిన తీర్పు ఇంకా ఘాటైనది. తోటమాలి జీతాన్ని ఒప్పందపత్రం ముసుగులో ఇచ్చి పన్ను తగ్గించుకున్న వెస్ట్‌మినిస్టర్ డ్యూకును 1935లో ఇంగ్లండు కోర్టు గెలిపించింది కదా, ఆ తీర్పు దయ్యాన్ని ఇక వదిలించుకుందాం అన్నారాయన. ఆయన కోపం నాకు నచ్చుతుంది. కానీ పన్ను తప్పించే ఎత్తుగడా కాదా అన్నదొక్కటే చూడాలంటే, పన్ను తగ్గుతుందని 401కే అనే అమెరికా రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో డబ్బు వేసేవాడు కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలి. 2003లో, 2012 వోడాఫోన్ తీర్పులో సుప్రీంకోర్టు కాస్త వెనక్కి తగ్గడం అందుకే సబబనిపిస్తుంది. 2017 నుంచి గార్ నిబంధనలు, అంటే పన్ను తప్పించే ఎత్తుగడలను అడ్డుకునే సాధారణ నిబంధనలు వచ్చాయి. బోనస్ షేర్ల తర్వాత ధర పడితే అమ్మేసి, ఆ నష్టాన్ని వేరే లాభంలోంచి తీసేసుకున్న కేసులో వాటిని వాడొచ్చని 2024లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

మన డాక్టర్లకూ, సొంత బిజినెస్ ఉన్నవాళ్ళకూ ఇక్కడ తరచూ వచ్చే ఆఫర్ సొంత బీమా కంపెనీ పెట్టుకోమని, దానికి కట్టే ప్రీమియాన్ని వ్యాపార ఖర్చుగా చూపించుకోమని. నిజంగా అవసరమైనవాళ్ళూ ఉంటారు, కాదనను. అయితే 2017లో టాక్స్ కోర్టుకు వచ్చిన ఒక కేసు చదవాలి. ఆరిజోనాలో నగల షాపులున్న దంపతుల బీమా ఖర్చు లక్షన్నర డాలర్ల నుంచి మూడేళ్ళలో 11 లక్షలు దాటింది. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ఆడిట్ మొదలయ్యేదాకా ఒక్క క్లెయిమూ లేదు. ఇది బీమాయే కాదంది కోర్టు.

పన్ను తగ్గడం తప్ప ఇంకే అసలు ప్రయోజనమూ లేని లావాదేవీ చెల్లదని 2010లో అమెరికా దీన్ని చట్టంలోనే రాసుకుంది. దొరికితే తగ్గించిన పన్ను మీద 20 శాతం పెనాల్టీ, రిటర్నులో వివరం చెప్పకపోతే 40. చాలా పెనాల్టీలకు "మా సీపీఏ (అకౌంటెంటు) చెప్పాడు, నమ్మాను" అన్న వాదన ఎంతో కొంత పనికొస్తుంది. దీనికి మాత్రం ఆ దారి లేకుండా చట్టమే మూసేసింది.