పెంపకం ఒక్కటే సరిపోదండీ

"కుక్కది తప్పేం ఉండదు, అంతా పెంపకంలోనే ఉంది" అని పిట్‌బుల్ లాంటి బలమైన జాతి కుక్కల గురించిన మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మా తమ్ముడింట్లో పిట్‌బుల్ ఉంది, పాపకి మూడేళ్లు. నిజంగానే బుద్ధిమంతురాలు (కుక్క సంగతి చెప్తున్నా, పాప కాదు). మొన్న పండక్కి వెళ్లినప్పుడు అది పెరుగన్నం తింటుంటే పాప వెళ్లి తోక పట్టుకుంది. కరవలేదు. కానీ తినడం ఆపేసి, తల గిన్నెలోనే ఉంచి, ఓరకంట చూస్తూ కట్టెలా బిగుసుకుపోయింది. గుర్రుమనలేదు కూడా. "చూశావా, ఎంత ఓర్పో" అని తమ్ముడు మురిసిపోయాడు. అది ఓర్పు కాదురా, హెచ్చరిక అన్నాను.

2022లో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడ ప్రాణం తీసింది వీధికుక్క కాదు, కొడుకు పెంచుకున్న పిట్‌బులే. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్‌తో సహా 23 కుక్క జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అనుకోలేం. ఏ కుక్కైనా కరుస్తుంది, నిజమే. ఇంత బలమున్నది పట్టుకుంటే మాత్రం పసిపిల్ల తట్టుకోలేదు.

మా మరదలు వెనక వసారాకి గ్రిల్ గేటు పెట్టించింది, ఇప్పుడు దాని తిండి అక్కడే. తమ్ముడికి నా మీద ఇంకా కోపం తగ్గలేదు.