ముందు ఊరివాళ్లు, ఆ తర్వాతే టూరిస్టులు

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానానికి సెలవు. పెద్ద టోర్నమెంట్లు ఉన్నప్పుడు తప్ప ఆ రోజు అక్కడ గోల్ఫ్ ఆడనివ్వరు. జీవితంలో ఒక్కసారైనా ఆ గడ్డ మీద ఆడాలని ప్రపంచం నలుమూలల నుంచి గోల్ఫర్లు తపించే చోటు అది. ఆదివారం మాత్రం ఊరివాళ్లు పిల్లలను, కుక్కలను వెంటబెట్టుకుని ఆ పచ్చిక మీద షికారు చేస్తారు. మిగతా రోజుల్లో కూడా మొదటి, చివరి ఫెయిర్‌వేలకు (బంతి కొట్టుకుంటూ సాగే పచ్చిక బాటలకు) అడ్డంగా ఒక మామూలు రోడ్డు బీచ్ వైపు సాగిపోతుంది. ఆ రోడ్డు దాటేవాళ్లు దాటేదాకా, ఎంత డబ్బు కట్టి వచ్చినవాడైనా బంతి కొట్టకుండా ఆగాల్సిందే.

గోల్ఫ్ టూరిజంతో తమ ప్రాంతానికి నాలుగు డబ్బులు తేవాలనుకునే ప్రభుత్వాలు చూడాల్సింది ముందుగా దీన్నే. ఓల్డ్ కోర్సు ప్రజల ఆస్తి. ఊరికి దాని మీద హక్కు ఉంది. ఆ హక్కు వల్ల టూరిజం దెబ్బతినలేదు సరికదా, ఆ పట్టణానికి అదే పెద్ద ఆదాయ వనరుల్లో ఒకటైంది. ప్రభుత్వ భూమి, ప్రజల నీరు, ప్రజల డబ్బు ఉపయోగించి కట్టే ఏ గోల్ఫ్ కోర్సయినా ముందు స్థానికులదై ఉండాలని, టూరిస్టులకు తలుపు ఆ తర్వాతే తెరవాలని మేము గట్టిగా నమ్ముతున్నాం.

ఈ హక్కు సెయింట్ ఆండ్రూస్‌కు ఊరికే రాలేదు. 1797లో అప్పులపాలైన పట్టణ పాలక మండలి ఆ భూమిని వదులుకుంది. అది కుందేళ్ల పెంపకం చేసే వ్యాపారుల చేతికి పోయింది. గోల్ఫ్ ఆడేవాళ్లకూ వ్యాపారులకూ మధ్య ఏళ్ల తరబడి కోర్టు గొడవలు నడిచాయి. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి కొని కాపాడాకే అది మళ్లీ ఆటస్థలంగా నిలిచింది. 1894లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో పట్టణం ఆ భూమిని తన చేతిలోకి తెచ్చుకుంది. 1974లో మరో చట్టం చేసి, నిర్వహణ బాధ్యతను ఒక ట్రస్టుకు అప్పగించారు. ఇప్పుడు ఆ ట్రస్టు కింద ఏడు కోర్సులున్నాయి. ఊరివాళ్లు ఏడాదికోసారి టికెట్ తీసుకుని ఆడుకుంటారు. బయటివాళ్లు ఓల్డ్ కోర్సులో ఆడాలంటే చాలావరకు లాటరీలో పేరు రావాలి. లాటరీకి పేరిచ్చినవాడు ఎంత పెద్ద మనిషైనా సరే, అందులో పేరు రాకపోతే ఆ రోజుకు అవకాశం దాదాపు లేనట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఓల్డ్ కోర్సు ఊరి అంచున మొదలై, దూరంగా వెళ్లి, మళ్లీ ఊళ్లోనే ముగుస్తుంది. పద్దెనిమిదో గ్రీన్ (బంతిని రంధ్రంలో వేసే నున్నటి పచ్చిక), అంటే చివరిది, దిగితే ఎదురుగా వీధి. ఆట అయ్యాక మనిషికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, ఇంటికి ఏదైనా కొనుక్కెళ్లాలనిపిస్తుంది. ఆ ఖర్చంతా నేరుగా ఊరి హోటళ్లలో, దుకాణాల్లో పడుతుంది. చాలా చోట్ల కడుతున్న రిసార్టులు దీనికి పూర్తి వ్యతిరేకం. విమానాశ్రయంలో దిగినవాళ్లను బస్సెక్కించి ప్రహరీ లోపలికి తీసుకెళ్తారు. తిండి, బస, ఆట, షాపింగ్ అన్నీ ముందే కట్టిన ప్యాకేజీలోనివే. వారం తిరిగేసరికి అదే బస్సులో వెనక్కి పంపిస్తారు. ప్రహరీ బయట ఉన్న ఊరికి మిగిలేవి ట్రాఫిక్, తగ్గిపోయిన భూగర్భ జలాలు, కొన్ని తక్కువ జీతాల ఉద్యోగాలు. టూరిస్టుల సంఖ్య చూపించి విజయం సాధించామని చెప్పుకునే అధికారులు, ఆ టూరిస్టు పెట్టిన ఖర్చులో ఎంత ఆ జిల్లాలోనే తిరిగిందో కూడా లెక్క తీసి బయటపెట్టాలి.

ప్రజల కోర్సు అంటే రెండో రకం సరుకు అనే భావన చాలామందిలో ఉంది. అది తప్పని న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ స్టేట్ పార్కు ఎప్పుడో రుజువు చేసింది. 1930ల నాటి మహా ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగులకు పని కల్పించే పథకం కింద అక్కడ గోల్ఫ్ కోర్సులు కట్టారు. 1936లో తెరిచిన బ్లాక్ కోర్సు ఎంత కఠినమైనదంటే, బాగా ఆడటం వచ్చినవాళ్లయితేనే దిగమని మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర బోర్డు పెట్టి మరీ హెచ్చరిస్తారు. తెల్లారేసరికి టీ టైమ్ (ఆట మొదలుపెట్టేందుకు ఇచ్చే సమయం) దొరుకుతుందన్న ఆశతో రాత్రంతా పార్కింగ్‌లో కారులోనే పడుకునేవాళ్లు అక్కడ మామూలే. ప్రభుత్వ సంస్థ యాజమాన్యంలోని కోర్సులో యూఎస్ ఓపెన్ అనే పెద్ద టోర్నమెంట్ మొట్టమొదటిసారి జరిగింది అక్కడే, 2002లో. దానికోసం పాడైపోయి ఉన్న కోర్సును అమెరికా గోల్ఫ్ సంఘం ఖర్చుతో బాగుచేయించారు. 2025లో అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్ కూడా అక్కడే జరిగింది. ఇంత పేరొచ్చినా కోర్సు సామాన్యుడి చేయి దాటిపోలేదు. రాష్ట్ర వాసులకు ఒక ధర, బయటివాళ్లకు అంతకు చాలా ఎక్కువ ధర. బుకింగ్ కూడా రాష్ట్ర వాసులకే ముందు తెరుస్తారు. బయటి నుంచి వచ్చేవాళ్లు ఈ తేడా చూసి రావడం మానలేదు.

అలబామా రాష్ట్రం చేసిన ప్రయత్నం ఇంకా పెద్దది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల, టీచర్ల పెన్షన్ నిధిని నడిపే డేవిడ్ బ్రానర్ ఆ నిధి డబ్బుతో రాష్ట్రమంతటా గోల్ఫ్ కోర్సులు కట్టించారు. 1992 నుంచి ఒక్కొక్కటిగా తెరుచుకున్న ఆ కోర్సుల వరుసకు డిజైనర్ రాబర్ట్ ట్రెంట్ జోన్స్ పేరు పెట్టారు. ఇప్పుడది 11 చోట్ల 468 హోల్స్‌తో (బంతిని చేర్చాల్సిన రంధ్రాలతో) విస్తరించి ఉంది. మెంబర్‌షిప్ లేకుండా ఎవరైనా డబ్బు కట్టి ఆడుకోవచ్చు. అలబామాలో ఆగకుండా దాటిపోయే ప్రయాణికులను రెండు మూడు రోజులు ఆపడమే దాని ఉద్దేశం, ఆ పని అది చేసింది. అయితే ఆ రాష్ట్రంలో ఆ తర్వాత వచ్చిన టూరిజం ఆదాయమంతా గోల్ఫ్ పుణ్యమేనని చెప్పడం మాకు సరికాదనిపిస్తుంది. రోడ్లు, పరిశ్రమలు, బీచ్‌లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. పైగా పెన్షనర్ల డబ్బుతో ఇలాంటి ప్రయోగం చేయాలంటే దానికి తగ్గ జవాబుదారీతనం ఉండాలి. అక్కడ చేశారు కదా అని ప్రతిచోటా చేయదగ్గ పని కాదది.

గోల్ఫ్ పేరు చెప్పి భూమి వ్యాపారం చేసిన చోట్ల ఏమైందో కూడా చరిత్ర చెబుతోంది. జపాన్‌లో 1987లో వచ్చిన రిసార్టు చట్టం తర్వాత కొండలు తవ్వి కోర్సులు కట్టారు. కట్టడానికి డబ్బు మెంబర్ల డిపాజిట్ల నుంచి వచ్చింది. కొన్నేళ్ల తర్వాత అడిగితే వాటిని తిరిగి ఇచ్చేయాలి. భూముల ధరల బుడగ పేలింది, మెంబర్లు డబ్బు వెనక్కి అడిగారు, ఇవ్వలేని కంపెనీలు దివాలా తీశాయి. వదిలేసిన కొన్ని కోర్సుల్లో ఇప్పుడు సోలార్ పలకలు పరిచి ఉన్నాయి. చైనాలో సాగుభూమిని, నీటిని కాపాడటానికి 2004లో కొత్త కోర్సులను నిషేధించారు. అప్పటికి రెండు వందల లోపే ఉన్న కోర్సులు, ఆ తర్వాత పార్కులు, రిసార్టుల పేర్లతో ఆరు వందలు దాటిపోయాయి. చివరికి 2017 జనవరిలో 111 కోర్సులను మూయించాల్సి వచ్చింది. ఇళ్ల ప్లాట్లు అమ్ముకోవడానికి మధ్యలో కోర్సు పెట్టే పద్ధతి మరింత ప్రమాదం. ఆఖరి ప్లాటు అమ్ముడుపోగానే బిల్డర్‌కు ఆ పచ్చిక మీద ఆసక్తి పోతుంది. దాని నిర్వహణ ఖర్చు ఆ ఇళ్లు కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. అమెరికాలో 2006 నుంచి ఏళ్ల తరబడి తెరిచిన వాటికంటే మూతపడిన కోర్సులే ఎక్కువ.

నీటి విషయంలో మొహమాటం పనికిరాదు. పద్దెనిమిది హోల్స్ కోర్సుకు సుమారు యాభై అరవై హెక్టార్లు కావాలి, అందులో చాలా భాగానికి నీళ్లు పెట్టాలి. పోర్చుగల్‌లోని అల్గార్వే ప్రాంతం గోల్ఫ్ టూరిజానికి మంచి ఉదాహరణగా అందరూ చెబుతారు. అది నిజం కూడా. 1966లో పెనీనా కోర్సు మొదలైనప్పటి నుంచి, బీచ్‌లు ఖాళీగా ఉండే చలికాలంలో సైతం హోటళ్లకు గిరాకీ ఉంటోంది. ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికే ప్రాంతంలో ఇది చిన్న మేలు కాదు. కానీ అదే అల్గార్వేలో కరవు ముదిరి 2024 ఆరంభంలో పొలాలకు, పట్టణాలకు కూడా నీటి కోత పెట్టారు. తాగునీటికి ఇబ్బంది ఉన్న చోట కొత్త కోర్సుకు బోరు నీళ్లు, కాలువ నీళ్లు ఇవ్వకూడదు. శుద్ధి చేసిన మురుగునీరు ఇస్తేనే అనుమతి ఇవ్వాలి. ఆ నీరు కోర్సు దాకా వచ్చే పైపులైన్ పూర్తయ్యాకే పచ్చిక నాటనివ్వాలి. శుద్ధి కేంద్రం తర్వాత కడతామనే హామీని నమ్మి ఏ అధికారీ ఫైలు మీద సంతకం పెట్టకూడదు.

స్థలం ఎంపిక కూడా అంతే ముఖ్యం. స్కాట్లాండ్‌లోనే ఆబర్డీన్ దగ్గర మెనీలో, శాస్త్రీయంగా ఎంతో విలువైన ఇసుక దిబ్బల మీద ప్రైవేటు కోర్సు కట్టారు. ఆ దిబ్బలు సహజ స్వభావం కోల్పోయాయని 2020లో వాటి రక్షిత హోదానే తీసేశారు. దీనికి భిన్నంగా, వాషింగ్టన్ రాష్ట్రంలోని పియర్స్ కౌంటీ తవ్వి వదిలేసిన ఇసుక, కంకర గనిని కొని, 2007లో చేంబర్స్ బే అనే ప్రజల కోర్సుగా మార్చింది. గని కాలం నాటి పెద్ద కాంక్రీటు గోడలు ఇప్పటికీ అక్కడ నిలబడి ఉన్నాయి. కోర్సు పక్కగా జనం నడవడానికి దారి ఉంది, ఆట ఆడనివాళ్లకూ సముద్రం కనిపిస్తుంది. 2015లో యూఎస్ ఓపెన్ అక్కడ జరిగినప్పుడు గ్రీన్‌ల నాణ్యత మీద ఆటగాళ్లు గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా పాడైపోయిన నేలను ప్రజలకు తిరిగిచ్చిన పనిగా దాన్ని మేము మెచ్చుకుంటాం.

ఉద్యోగాల సంగతికి వస్తే, కోర్సు కట్టేటప్పుడు వచ్చే పనుల కంటే నడిపేటప్పుడు ఉండే పనులే అసలైనవి. తెల్లవారుజామున ఆటగాళ్లు రాకముందే పనివాళ్లు గ్రీన్‌ల మీద ఉంటారు. ఒకరు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు గడ్డి కోస్తారు, మరొకరు బంకర్లనే ఇసుక గుంతల్లో ఇసుక సర్దుతారు. ఇంకొకరు గొట్టం లాంటి పరికరంతో కొత్త చోట రంధ్రం తవ్వి, వచ్చిన మట్టిముద్దను గడ్డితో సహా నిన్నటి రంధ్రంలో పెట్టి, అతుకు కనిపించకుండా కాలితో నొక్కుతారు. ఈ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. బాగా నేర్చుకున్నవాళ్లకు ఎక్కడికెళ్లినా గిరాకీ ఉంటుంది. ఆటగాళ్ల సంచులు మోసే కేడీల పని కూడా అంతే. ఓరెగాన్ తీరంలోని బ్యాండన్‌లో కలప, చేపల వ్యాపారాలు దెబ్బతిన్నాక, 1999లో తెరిచిన బ్యాండన్ డ్యూన్స్ రిసార్టులో కార్టులు (ఆటగాళ్లను తిప్పే చిన్న బండ్లు) పెట్టలేదు, నడిచే ఆడాలన్నారు. దాంతో కేడీలకు పెద్ద సంఖ్యలో పని దొరికింది. అది ప్రైవేటు రిసార్టే, కానీ ఈ ఒక్క నిర్ణయం ప్రతి ప్రజా కోర్సూ తీసుకోదగ్గది. కార్టు అద్దె కంపెనీకి పోతుంది, కేడీ కూలి ఊళ్లోనే ఖర్చవుతుంది. అయితే టిప్పుల మీదే కేడీలను వదిలేయకుండా వాళ్లకు కనీస వేతనం, ఎండకూ దెబ్బలకూ బీమా ఉండాలి.

ప్రజల కోర్సుకు అసలు శత్రువు నిర్లక్ష్యం. శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక సంస్థకు చెందిన హార్డింగ్ పార్కు 1925 నాటిది. 1964లో యూఎస్ ఓపెన్ గెలిచిన కెన్ వెంచురీ ఆట నేర్చుకున్న చోటు అది. అలాంటి కోర్సు మరమ్మతులు లేక ఎంత దిగజారిందంటే, 1998లో పక్కనే ఉన్న ప్రైవేటు క్లబ్బులో యూఎస్ ఓపెన్ జరిగినప్పుడు దాని ఫెయిర్‌వేలను కార్ల పార్కింగ్‌కు వాడారు. తర్వాత బాగుచేస్తే 2020లో అక్కడే పీజీఏ చాంపియన్‌షిప్ అనే మరో పెద్ద టోర్నమెంట్ జరిగింది. ఏటా కొంత ఖర్చుపెట్టి ఉంటే, ఒక్కసారిగా అంత పని చేయాల్సి వచ్చేది కాదు.

అందుకే కొత్త కోర్సు ప్రతిపాదన వచ్చినప్పుడు మేము అడిగేవి ఇవి. స్థానికులకు కేటాయించే టీ టైమ్‌ల వాటా, వాళ్లకిచ్చే ధర లీజు పత్రంలోనే రాసి ఉండాలి, నిర్వాహకుడు మారినా మారకూడదు. పిల్లలు, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు, ప్రాక్టీసు స్థలం మొదటి దశలోనే పూర్తి కావాలి. అంచున నడక దారి అందరికీ తెరిచి ఉండాలి. బయటివాళ్ల ఫీజులో ఒక భాగం నిర్వహణ నిధికి పోవాలి, దాన్ని వేరే ఖర్చులకు మళ్లించే వీలు ఉండకూడదు. చుట్టూ ఇళ్ల ప్లాట్లు వేయడానికి అనుమతి ఇవ్వకూడదు. నీటి వాడకం, స్థానికులు ఆడిన ఆటల సంఖ్య, స్థానికులకు చెల్లించిన జీతాలు ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఈ షరతులకు ఒప్పుకోని పెట్టుబడిదారు తన డబ్బుతో, తన భూమిలో, శుద్ధి చేసిన నీరు తనే తెచ్చుకుని కోర్సు కట్టుకోవచ్చు. అలాంటి కోర్సుకు ప్రభుత్వ భూమి ఒక్క ఎకరం కూడా ఇవ్వకూడదు.