విదేశాంగ శాఖ వద్దన్న జెండాను సిటీ కౌన్సిల్ ఎగరేసింది

దేశం పోయినా జెండా మిగలడం అరుదు. పసుపు రంగు మీద మూడు ఎర్ర చారలున్న దక్షిణ వియత్నాం జెండా అలా మిగిలింది. 1975 ఏప్రిల్ 30న రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కడంతో ఆ దేశం కథ ముగిసింది. 1995లో అమెరికా హనోయ్‌లోని కమ్యూనిస్టు వియత్నాం ప్రభుత్వంతో దౌత్య సంబంధాలు కూడా పెట్టుకుంది. అయినా 2003 ఫిబ్రవరిలో వియత్నాం శరణార్థులు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్ సిటీ కౌన్సిల్ ఆ పాత జెండానే గుర్తిస్తూ తీర్మానం చేసింది. పక్కనే ఉన్న గార్డెన్ గ్రోవ్ అదే బాట పట్టింది. లూసియానా రాష్ట్రం చట్టమే చేసింది. 2006లో గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ఉత్తర్వుతో కాలిఫోర్నియా రాష్ట్రమూ ఒప్పుకుంది.

అదే 2003లో వర్జీనియా శాసనసభకు ఇలాంటి బిల్లు వస్తే ఏకంగా అమెరికా విదేశాంగ శాఖ అడ్డుపడింది. బిల్లు అటకెక్కింది. చిన్న ఊళ్ల బలం తెలిసేది ఇక్కడే. వీధి దీపాలు, చెత్త బండ్లు చూసుకునే ఐదుగురు సభ్యుల కౌన్సిల్‌కు హనోయ్‌తో పనేముంది? వాళ్ల టెన్షన్ అంతా వచ్చే ఎన్నికల్లో వియత్నాం వాళ్ల దుకాణాల వీధి బోల్సా అవెన్యూ ఓటరు ఏం చేస్తాడోనని.

ఆ ఓటరు ఒక్క రోజులో తయారవలేదు. ముందు దుకాణాలు వచ్చాయి. 1988లో ఫ్రీవే మీద ‘లిటిల్ సైగాన్’ బోర్డు వెలిసింది. 1992లో టోనీ లామ్ వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్‌కు గెలిచి, అమెరికాలో ఎన్నికైన తొలి వియత్నాం సంతతి నేత అయ్యాడు. 1999లో ఓ వీడియో షాపు యజమాని గోడకు కమ్యూనిస్టు నేత హో చి మిన్ బొమ్మ, ఇప్పటి వియత్నాం ఎర్ర జెండా తగిలించేసరికి కాలనీ భగ్గుమంది. అది అతని హక్కేనని కోర్టు చెప్పినా జనం కదల్లేదు. 50 రోజులకు పైగా షాపు ముందే ధర్నా, ఒక రాత్రి దాదాపు 15 వేల మంది. తీరా ఆ షాపు కథ ముగిసింది పైరసీ క్యాసెట్లు పట్టుబడటంతో! కానీ అన్నాళ్లు రోడ్డు మీద కలిసి నిలబడ్డవాళ్లు ఇళ్లకెళ్లి ఊరుకోలేదు. నా లెక్కలో 2003 తీర్మానానికి పునాది పడింది ఆ షాపు ముందు పార్కింగ్ స్థలంలోనే.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. సిటీ న్యాయవాది సలహా మేరకు టోనీ లామ్ ఆ ధర్నాకు వెళ్లలేదు. అంతే, సొంతవాళ్లే ఆయన రెస్టారెంట్ ముందు ప్లకార్డులు పట్టారు. 2002లో ఆయన మళ్లీ పోటీ చేయలేదు. శాన్ హోసేలోనూ ఇంతే. ఒక వ్యాపార వీధికి ‘లిటిల్ సైగాన్’ అనే పేరే పెట్టాలని అక్కడి వియత్నాం వాళ్లు పట్టుబట్టి, వేరే పేరు ప్రతిపాదించిన వియత్నాం సంతతి కౌన్సిలర్ మాడిసన్ న్యూయెన్‌ను దించేయాలని 2009లో రీకాల్ ఎన్నిక దాకా వెళ్లారు. ఆమె నెగ్గింది. ఐక్యత పేరుతో వచ్చే గుర్తింపు సొంత గూటిలోని భిన్నస్వరాన్ని ముందు నొక్కేస్తుంది. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇదే.

ఇక మన సంగతి. అమెరికాలోని తెలుగు సంఘాలు మేయర్ చేతుల మీదుగా ప్రొక్లమేషన్ అందుకుని ఫొటో దిగితే ఇక్కడ వార్తవుతుంది. అది మేయర్ సంతకంతో ఇచ్చే మర్యాద పత్రం. దానికి ఓటింగ్ ఉండదు, ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు. తీర్మానం అలా కాదు. సభ్యులు బహిరంగంగా చేతులెత్తాలి, ఎవరు ఎటున్నారో రికార్డవుతుంది. ఆర్డినెన్స్ అయితే ఆ ఊరికి చట్టమే.

మనవాళ్లు ఫొటో దగ్గరే ఆగిపోవడం పూర్తిగా వాళ్ల తప్పు కాదు. వియత్నాం శరణార్థులకు గ్రీన్ కార్డు త్వరగా దొరికింది, ఆపై ఐదేళ్లకు పౌరసత్వం, ఓటు. హెచ్-1బీ మీద వెళ్లిన మనవాళ్లు గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల ఏళ్ల తరబడి క్యూలోనే ఉన్నారు. ఇల్లు కొంటారు, ఆస్తి పన్ను కడతారు, ఓటు మాత్రం ఉండదు. అయితే కౌన్సిల్ సమావేశంలో మైకు ముందు మాట్లాడటానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. రెండు మూడు నిమిషాలిస్తారు. సినిమా తారల టికెట్లు అమ్మడానికి వందల మందిని కదిలించే సంఘాలు, ఆ నిమిషాల కోసం మంగళవారం రాత్రి ఇరవై మందిని కూర్చోబెట్టగలవా అంటే నాకు అనుమానమే.