72 వేల నాడులు, రెండు కాఫీలు

జ్ఞానం పంచితే పెరుగుతుందంటారు. చెన్నై టి.నగర్‌లో, పానగల్ పార్కు మూడో బెంచీ దగ్గర, పొద్దున్న ఆరుంపావుకి అది పెరగడం నేను కళ్ళారా చూస్తున్నాను. మా మేనేజరు గారు (బ్యాంకులో రిటైరయ్యారు, జ్ఞానంలో ఇంకా సర్వీసులోనే ఉన్నారు) కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కుకి ఆనించి, "మీకు తెలుసా?" అంటారు. తెలియదనడం మర్యాద. తెలుసన్నవాడికి మర్నాడు బెంచీ మీద చోటుండదు.

మొన్నటి ఆణిముత్యం: తెలుగు మాట్లాడితే ఒంట్లో 72 వేల నాడులు ఉత్తేజం పొందుతాయి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో కరెంటు బిల్లు గురించి పావుగంట తెలుగులోనే మాట్లాడాను. ఆవిడ నాడులన్నీ ఒక్కసారి లేచిన మాట నిజం. నావే సోలిపోయాయి. మరి నిద్ర లేచింది మొదలు తెలుగే మాట్లాడే మేనేజరు గారికి, ఎనిమిది కొట్టకముందే రెండు ఫిల్టర్ కాఫీలు ఎందుకు పడాలో ఎవరైనా పెద్దలు తేల్చాలి.

ఇంకోటి. ప్రపంచ లిపుల్లో మనది రెండో స్థానమట. మొదటిది కొరియావాళ్ళదట. తేల్చింది ఏదో అంతర్జాతీయ అక్షరాల సంఘమట. ఆ సంఘం ఆఫీసు ఎక్కడ, పోటీకి మన బండి-రని ఎవరు మోసుకెళ్ళారు అని అడగడం నాదే తప్పు. కానీ దీన్ని పుట్టించినవాడి తెలివికి దణ్ణం పెట్టాలి. మనమే ఫస్టంటే ఎవడూ నమ్మడు. సెకండంటే మార్కుల లిస్టు కళ్ళతో చూసొచ్చినట్టే ఉంటుంది.

తెలుగు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని సోమవారం నికోలో కాంటి అన్నాడు. గురువారానికల్లా సి.పి.బ్రౌన్ అన్నాడు. ఇటలీ యాత్రికుడు కాంటి విజయనగరం చూసింది పదిహేనో శతాబ్దంలో. బ్రౌన్ మదరాసులో దిగింది 1817లో. ఆదివారం ఎవరంటారోనని బెంచీ అంతా ఎదురుచూస్తోంది. కారణం మాత్రం రోజూ ఒకటే: తెలుగులో ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు. అందుకేగా బస్‌కి, రోడ్‌కి తోక తగిలించి బస్సు, రోడ్డు చేసుకున్నాం! కానీ 'ప్రతి మాటా' అన్నారు కదాని, మరి 'పుస్తకం' సంగతేమిటన్నాను. పాతకాలపు 'పుస్తకము' చివర ఉత్వం రాలిపోయి సున్నా మిగిలింది, ఆ సున్నాని పలికేటప్పుడు పెదాలు మూసుకుంటున్నాయి చూసుకోమన్నాను. బెంచీ మీద నలుగురూ పెదాలు మూసి చూసుకున్నారు.

"ఇప్పుడు పుస్తకాల గొడవెందుకండీ" అన్నారు మేనేజరు గారు, ఫోను తెర పైకి తోస్తూ.

టి.నగర్‌లో నగల కొట్లకి లెక్కలేదు. అరకాసు ఉంగరం కొన్నా హాల్‌మార్క్ ఏదని తిప్పి తిప్పి చూసే జనం మేం. ముత్యాలు మాత్రం కళ్ళు మూసుకుని తీసుకుంటాం.

పోనీ ఊళ్ళో సరుకు లేదా? ఇక్కడే, 1816లో, ఎల్లిస్ అనే కలెక్టరు, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ ధాతువుల్ని పక్కపక్కన పేర్చి చూపించాడు: తెలుగు సంస్కృతానికి పుట్టింది కాదు, తమిళానికీ కన్నడానికీ తోబుట్టువు అని. ద్రావిడ భాషలది వేరే కుటుంబమని చాటిన కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్ళుంది. బ్రౌన్ పోగుచేయించిన రాతప్రతులూ ఈ ఊరి ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికే చేరాయి. ఓ రోజు వెళ్ళి చూసొద్దామా అన్నాను. "పీడీఎఫ్ ఉంటే గ్రూపులో పెట్టండి సార్" అన్నారు.

నిన్న ఇక ఉండబట్టలేక నేనే "మీకు తెలుసా?" అన్నాను. బెంచీ ఉలిక్కిపడింది. అది మేనేజరు గారి డైలాగు.

అయినా ఆగలేదు. ఈ పార్కు పేరు పానగల్ రాజాదనీ, ఆయన పానుగంటి రామారాయణింగారనే తెలుగాయననీ, 1921 నుంచి 1926 దాకా మదరాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేశాడనీ చెప్పాను. టి.నగర్‌లో 'టి' అంటే పిట్టి త్యాగరాయ చెట్టి, ఆయనా తెలుగువాడే అన్నాను. మాంబళం చెరువు ఎండగట్టి ఈ పేట వేయడం మొదలైందీ ఆ రోజుల్లోనే అన్నాను.

"పని గలవాళ్ళ పార్కు అనుకున్నానే ఇన్నేళ్ళూ!" అన్నారు పక్కాయన. అదే నిజమైతే మాలో ఒక్కణ్ణీ లోపలికి రానివ్వకూడదు.

మేనేజరు గారి కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది. నన్ను ఎగాదిగా చూశారు.

"దీనికి ఆధారం ఏమిటండీ?"

గేటు దగ్గర బోర్డు కేసి చెయ్యి చూపించాను. ఆయన తల తిప్పి, దాన్ని ఓపిగ్గా చదివి, మళ్ళీ నాకేసి తిరిగారు.

"ఎక్కడో రాసుంటే చాలు, నమ్మేయడమేనా సార్?"