ఛార్జ్ నిలవట్లేదని కన్సోల్ మార్చేస్తారా?

గేమింగ్ గ్రూపుల్లో ఈ ప్రశ్న పడుతూనే ఉంటుంది. "నా స్విచ్ (నింటెండో కంపెనీ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్) రెండు గంటలు కూడా ఆగట్లేదు, కొత్తది తీసుకోవాలా?" కింద అందరూ "తీసేసుకో బ్రో" అని ఊదరగొడతారు. నీ దగ్గర ఏ గేములున్నాయి, అవి కొత్తదాంట్లో ఆడతాయా అని అడిగేవాడు ఒక్కడూ కనపడడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బ్యాటరీ అరిగిపోయే వస్తువు. స్విచ్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 800 ఛార్జ్ సైకిళ్ల (పూర్తి ఛార్జ్‌ల) తర్వాత 80 శాతానికి పడిపోతుందని నింటెండోనే చెప్పింది. అది పాడవడం కాదు, వయసు. ఒక విడిభాగంతో పోయేదానికి మెషీన్ మొత్తం ఎందుకు మార్చడం?

పోనీ, కొత్తది కొంటే గంటలు పెరుగుతాయా? కొత్త మోడల్ స్విచ్ 2లో 5220 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) బ్యాటరీ ఉంది, పాత స్విచ్‌లో 4310. చూడ్డానికి ఘనంగానే ఉంది. కానీ కంపెనీ లెక్క ప్రకారమే స్విచ్ 2 వచ్చేది 2 నుంచి 6.5 గంటలు. 2021లో వచ్చిన పాత స్విచ్ ఓఎల్ఈడీ స్క్రీన్ మోడల్ 4.5 నుంచి 9 గంటలు. స్క్రీన్ పెద్దదై, చిప్ బలమైనదయ్యాక బ్యాటరీ ఎంత పెంచినా అవి తాగేస్తాయి. బాక్స్ మీద ఎంఏహెచ్ చూసి మురిసిపోయేవాళ్లు 2019 స్విచ్ సంగతి తెలుసుకోవాలి. బ్యాటరీ అదే 4310, మారింది లోపలి చిప్. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్ ఆడితే మూడు గంటల దగ్గర ఆగేది కాస్తా అయిదున్నర గంటలకు పోయింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు సీరియల్ నంబర్ ఎక్స్‌కేడబ్ల్యూతో మొదలవుతుందో లేదో చూసేది అందుకే. ఎక్స్‌ఏడబ్ల్యూ అయితే తక్కువ గంటల పాత మోడల్.

పీసీ గేములు ఆడించే చేతి కన్సోల్ స్టీమ్ డెక్ ఉంది కదా, దాని ఓఎల్ఈడీ మోడల్‌ని మాత్రం ఒప్పుకుంటాను. 40 వాట్ అవర్ల బ్యాటరీ 50 అయింది, 2–8 గంటలు 3–12 అయ్యాయి. పైగా లాగిన్ అయితే చాలు, స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్లో మీరు కొన్న గేములన్నీ అక్కడే ఉంటాయి. అప్‌గ్రేడ్ అంటే అదీ.

అందరి దగ్గరా అలా జరగలేదు. 2009లో సోనీ తన చేతి కన్సోల్ పీఎస్‌పీకి పీఎస్‌పీ గో అనే మోడల్ తెచ్చినప్పుడు, గేమ్ డిస్కులు పెట్టే యూఎండీ డ్రైవ్ తీసేసింది. డిస్కులు కొని దాచుకున్నవాళ్ల గతి ఏంటి? ఏమీ లేదు, మళ్లీ కొనుక్కోవడమే. సోనీ ఆ తర్వాతి చేతి కన్సోల్ వీటాలోనూ ఆ డిస్కులు పట్టవు. నింటెండో పాత కన్సోల్ డీఎస్‌లో అంతకుముందటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే చిన్న డబ్బీలు) ఆడేవి, డీఎస్‌ఐకి వచ్చేసరికి ఆ స్లాటే మాయం. ఆ తర్వాత వచ్చిన 3డీఎస్‌కు ఈషాప్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి. డిజిటల్‌గా మాత్రమే వచ్చిన గేములు అప్పటికి కొనకపోతే ఇక దారి మూసుకుపోయినట్టే.

ఈ విషయంలో స్విచ్ 2 నయం, పాత గేములు చాలావరకు ఆడతాయి, కార్ట్రిడ్జ్‌లతో సహా. మెలికలు మాత్రం ఉన్నాయి. కొన్ని కొత్త గేమ్ కార్డుల్లో అసలు గేమే ఉండదు, గేమ్ తెరిచే తాళంచెవి మాత్రమే. మిగతాదంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి. అంటే సర్వర్ ఉన్నన్నాళ్లే ఆ కార్డుకు విలువ, దాన్ని చేత్తో పట్టుకుని ఫిజికల్ కాపీ అని మురవడం నాకు అర్థం కాదు. పాత మైక్రోఎస్‌డీ మెమరీ కార్డులో స్విచ్ 2 గేములు పెట్టలేరు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డు కొనాలి. ఇంకోటి, స్విచ్‌లో మీరు ఆటలో ఎక్కడివరకు వచ్చారో దాచే సేవ్ డేటా ఉండేది కన్సోల్ మెమరీలో, కార్ట్రిడ్జ్‌లో కాదు. కార్ట్రిడ్జ్‌లు ఉంచుకున్నాం కదా అని, ఆ డేటా కొత్తదాంట్లోకి మార్చకముందే కన్సోల్ అమ్మేస్తే వందల గంటల ఆట గాల్లో కలిసినట్టే. సేవ్ డేటా ఆన్‌లైన్‌లో దాచే క్లౌడ్ ఉందిగా అంటారా, పోకెమాన్ స్వోర్డ్ లాంటి గేములకు ఆ సదుపాయమే లేదు.

నా 3డీఎస్ వెనక రెండు స్క్రూలు విప్పితే మూత వస్తుంది, బ్యాటరీని గోటితో పైకి లేపితే చాలు. స్విచ్‌లో అయితే తలపై మూడు గాట్లుండే ప్రత్యేక స్క్రూలు, మూత కింద లోహపు రేకు, అడుగున జిగురుతో అతికించిన బ్యాటరీ. చేయి తిరిగినవాళ్లకిచ్చి మార్పించుకోవచ్చు గానీ, ఇంత కష్టం కావాలని పెట్టిందే అనిపిస్తుంది. వినియోగదారుడే బ్యాటరీ మార్చుకునేలా ఉండాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వస్తుంది. చట్టం చెబితే తప్ప కదలరు మరి.

కొత్తది కొన్నా పాతది అమ్మకండి, మీ గేములు ఇంకెక్కడా ఆడకపోతే అసలే అమ్మకండి. అలమరలో పెట్టినా ఆరు నెలలకోసారి ఛార్జ్ చేయండి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జర్ జోలికి పోకుండా ముందు ఆ బ్యాటరీ తీయించండి.