ఈమెయిలు ప్రోగ్రాము గారికి కడప నుంచి ఒక ఆడపిల్ల తండ్రి వ్రాయునది

మహారాజశ్రీ ఈమెయిలు ప్రోగ్రాము గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమమని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట దాకా అది నిజమే. ఒంటిగంటా పది నిమిషాలకు అనంతపురం నుంచి మా వియ్యంకుడు గారి మెయిలు వచ్చింది. తమరు దాన్ని ఎంతో శ్రద్ధగా తెరిచి, నా కళ్ల ముందు పరిచారు.

అది మా అమ్మాయి శుభలేఖ. ఏడు రోడ్ల దగ్గరి ప్రెస్సు కుర్రవాడు సాయంత్రం ఆరింటికల్లా మ్యాటర్ ఇస్తేనే ఈ వారంలో కార్డులు వేయగలనన్నాడు. మా బావగారు బ్యాంకులో అధికారిగా పదవీ విరమణ చేసినవారు. వాట్సాప్‌లో పంపినది మాట అనీ, మెయిల్లో పంపినదే కాగితం అనీ ఆయన నమ్మకం. అందుచేత శుభలేఖను స్వహస్తాలతో తెలుగులో టైపు చేసి, ఒకసారి చూడమని బెంగళూరులో ఉన్న మా కాబోయే అల్లుడికి పంపితే, అతను దాన్ని అక్కడి నుంచి నాకు ఫార్వర్డ్ చేశాడు. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఆ విషయం ఇక్కడ పొడిగించను.

తమరు చూపించిన శుభలేఖలో 'కడప' అన్న మూడక్షరాల మాటకు తొమ్మిది గుర్తులు ఉన్నాయి. నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ చిన్న 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఒక నల్ల చుక్క. మళ్లీ ఎ, మళ్లీ డిగ్రీ, తలకిందులుగా వేలాడే ఆశ్చర్యార్థకం. మళ్లీ ఎ, మళ్లీ డిగ్రీ, ఆ పైన గాలిలోకి ఎత్తి రాసిన బుల్లి 'ఎ'. మా ఊరి పేరులో మూడు డిగ్రీ గుర్తులు ఉండటం మే నెల ఎండలను బట్టి సమంజసమే గనుక, ఆ ఒక్క విషయంలో తమరిని తప్పు పట్టను.

మొత్తం శుభలేఖలో చదవగలిగినవి అంకెలు మాత్రమే. తేదీ తెలిసింది. 10:42 అని ముహూర్తం కూడా తెలిసింది. అది పగలా రాత్రా అన్నది తెలియలేదు. ఎందుకంటే ఆ మాట తెలుగులో ఉంది. రెండు లగ్నాలు అనుకుని, ఏది ఖాయం చేయాలో వాళ్ల పురోహితుల వారికి వదిలేశాం. ఒకటి పగటి లగ్నం, ఒకటి రాత్రి లగ్నం. ఇద్దరు మనుషులు కలిసి నూరేళ్లు బతకబోయే ఘడియను పగలో రాత్రో చెప్పకుండా చూపించగల పంచాంగం ప్రపంచంలో తమరి దగ్గర మాత్రమే ఉంటుంది.

అంతలో ఫోను మోగింది.

"బావగారూ, మెయిలు అందిందా?"

"అందిందండీ."

"చూసినారా?"

"చూసినాం బావగారూ. చాలా బాగుంది."

ఇక్కడ ఒక్క మాట. నేను అబద్ధం ఆడలేదు. చూశాను. చదవలేదు. తెలుగులో ఈ రెండు క్రియలకూ మధ్య ఎంత దూరం ఉందో నాకు నిన్ననే తెలిసింది. మగపెళ్లివారు ముచ్చటపడి పంపిన శుభలేఖ గురించి, మీది చదవడానికి రావడం లేదండీ అని చెప్పడానికి ఏ ఆడపిల్ల తండ్రికి నోరు వస్తుంది? అక్కడితో ఆగినా సరిపోయేది.

"మరి పద్యం ఎట్లుంది?"

పద్యమా! అందులో పద్యం ఉందని ఆ క్షణం వరకూ నాకు తెలియదు. గుర్తుల గుంపు మధ్యలో నాలుగు వరుసలు విడిగా, కొంచెం లోపలికి జరిగి ఉన్నాయి. ఒకటీ మూడూ పొట్టివి, రెండూ నాలుగూ పొడుగువి. కందమే అయివుండాలి. ఈ మాత్రం పాండిత్యంతో, వెనకాముందూ చూడకుండా, "అద్భుతంగా ఉంది బావగారూ, ముఖ్యంగా నాలుగో పాదం" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత ఆయన, "నాలుగో పాదంలోనే యతి కుదరలేదని మా తమ్ముడు ఒకటే గొడవ. మీరు బాగుందంటే ఇంక దాన్ని మార్చేది లేదు" అని సంతోషంగా ఫోను పెట్టేశారు.

చూశారా అయ్యా, తమరు చేసిన నిర్వాకం? నేను చదవని పద్యంలో, నేను చూడని పాదంలో, ఉందో లేదో నాకు తెలియని యతికి ఇప్పుడు నేనే సాక్షిని. ఆ పద్యం అయిదు వందల కార్డుల మీద అచ్చవుతుంది. యతి తప్పితే రేపు పెళ్లిలో వాళ్ల తమ్ముడు గారు పంక్తిలో కూర్చుని, పప్పులోకి నెయ్యి వడ్డించే నా వైపు వేలు చూపిస్తారు.

పెళ్లి పనులన్నీ పక్కన పెట్టి తమరి సేవకు కూర్చున్నాను. ఆపి మళ్లీ పెట్టాను. కొత్త వెర్షను వేయమన్నారు, వేశాను. బొత్తాల చోట్లు మారాయి, శుభలేఖ మారలేదు. ఫాంటు లేదేమోనని కొందరన్నారు. ఫాంటు లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి గానీ డిగ్రీ గుర్తులు కనిపించవు. తరువాత మెనూ తెరిచి ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఏ పట్టిక ప్రకారం చదవాలన్న ఏర్పాటు, మార్చాను. పాశ్చాత్యం అన్న చోట నొక్కితే 'కడప'కు ఉన్న తొమ్మిది గుర్తులు, ఖాళీలతో కలిపి, పందొమ్మిది అయ్యాయి. సిరిలిక్ నొక్కితే మా ఇంటి పెళ్లికి రష్యా వాళ్లు పిలుస్తున్నట్టు అయింది. చైనా లిపి నొక్కినప్పుడు మా ఇంటావిడ అటుగా వచ్చి, ఒక్క నిమిషం నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేది.

నాలుగింటికి మా బావమరిది కొడుకు వచ్చాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం. "ఇదేంది మామా, ఇట్లొచ్చింది" అని నవ్వి, పది నిమిషాలు తమరి కడుపులో చెయ్యి పెట్టి వెతికి, జరిగినదేమిటో నాకు చెప్పాడు. అక్షరాలను బైట్లుగా, అంటే కంప్యూటరు దాచుకునే అంకెలుగా, మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు. మొదటి బైటు తెలుగుకంతటికీ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి, మూడోదానితో ఏ అక్షరమో తేలుతుంది. మూడింటినీ కలిపి చదవవలసిన చోట బెంగళూరులో ఉన్న తమరు విండోస్-1252 అనే పాశ్చాత్య పట్టిక ముందు వేసుకుని, ఒక్కో బైటుకు ఒక్కో గుర్తు చొప్పున పంచిపెట్టారు. ఆ పట్టికలో మొదటి బైటు గీత ఉన్న 'ఎ', రెండోది డిగ్రీ గుర్తు, కాదంటే కూడిక-తీసివేత గుర్తు. అంతటితో ఊరుకోక, ఆ చెత్తనే అసలు ఉత్తరమని నమ్మి, దాన్ని మళ్లీ యూటీఎఫ్-8లో కట్టి, పైన యూటీఎఫ్-8 అని నిజాయితీగా చీటీ అంటించి నాకు పంపారు. చీటీ సరైనదే గనుక కడపలో ఉన్న తమరు దాన్ని అక్షరాలా నమ్మారు. తప్పు చేసినది మీరే, నమ్మినది మీరే, మధ్యాహ్నం పోయినది నాది.

తెలుగు తమరికి కొత్త అనడానికి వీల్లేదు. లోకంలోని లిపులన్నింటికీ ఒకే పట్టిక అయిన యూనికోడ్ మొదటి రూపం వచ్చిన 1991లోనే తెలుగు అందులో ఉంది. యూటీఎఫ్-8 పుట్టినది 1992లో. ఉత్తరం ఏ లిపి పద్ధతిలో ఉందో పైన రాసి పంపాలన్న మైమ్ నియమం వచ్చినదీ అదే ఏడాది. తమరు ఆ తరువాత పుట్టిన వారే. మా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 నాటిదని చెప్పే తెలుగు శాసనం ఉంది. రాయి అరిగినా పండితులు చదివారు. అనంతపురంలో పదకొండింటికి రాసినది కడపలో ఒంటిగంటకు చదవడానికి రాలేదు.

ఇతర దోషాల జోలికి పోను. తెలుగు మాట ఇచ్చి వెతకమంటే ఏమీ దొరకలేదనడం, విషయం గడిలో ప్రశ్నార్థకాలూ సమానపు గుర్తులూ కుప్పపోయడం, ఎవరో విదేశీ వితంతువు తన కోట్ల ఆస్తి నాకు రాసిస్తానని పంపే మెయిలును మాత్రం రంగులతో, లావు అక్షరాలతో, ఒక్క చుక్క పోకుండా చూపించడం, ఇవన్నీ నేను ఎన్నడో క్షమించాను.

క్షమించలేనిది వేరే ఉంది. అబ్బాయి ఆ గుర్తులన్నింటినీ నోట్‌ప్యాడులో పెట్టి, పాశ్చాత్య పద్ధతిలో దాచి, యూటీఎఫ్-8గా మళ్లీ తెరిచాడు. తెలుగు వచ్చింది! కానీ కుంటుతూ వచ్చింది. విండోస్-1252 పట్టికలో కొన్ని గడులు ఖాళీ. ఆ గడుల్లో పడిన బైటు ఏమిటో తెలియక కొన్ని ప్రోగ్రాములు ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకుంటాయి. తమరు ఆ కోవకు చెందినవారు. సరిగ్గా ఆ ఖాళీ గడుల్లో పడినవి తెలుగు కొమ్ము, తెలుగు పొల్లు.

కొమ్మూ పొల్లూ లేకపోతే తెలుగులో మిగిలేదేమిటో తమరికి తెలుసా? 'చిరంజీవి' క్షేమం. 'వివాహం' క్షేమం. 'కుమార్తె' మాత్రం 'క?మార?తె' అయింది. పెద్దలందరి పేర్ల చివరా 'గార?' అని ఉంది, వాళ్లు గౌరవనీయులో కాదో తమరికే అనుమానం వచ్చినట్టు. 'వింద?' అని ఉంది, భోజనాల సంగతి ఇంకా తేలనట్టు. 'రాత?రి' అని ఉంది. దాన్ని చూసి మాత్రం నేను దాదాపు ఏడ్చాను, ముహూర్తం రాత్రికేనని తేలినందుకు. అన్నింటికంటే ఘోరం, కడపలో కొమ్మూ లేదు పొల్లూ లేదు గనుక 'కడప' చెక్కుచెదరలేదు. దెబ్బ తగిలినది 'అనంతప?రం'కు. బావగారు దీన్ని చూస్తే ఇది ఆడపెళ్లివారి పనే అనుకోరా?

మామూలు మాటలను ఊహించి నింపుకున్నాను. పద్యాన్ని ఎట్లా నింపేది? పొల్లు పోతే సంయుక్తాక్షరం విడిపోతుంది, దాని ముందరి గురువు లఘువైపోతుంది, గణాలు చెదురుతాయి. నాలుగో పాదంలో ఏడు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. అందులో ఒకటి సరిగ్గా యతి పడవలసిన చోట. యతి కుదిరిందో లేదో నిన్న నాకు తెలియదు, ఇప్పుడు ఎవరికీ తెలియదు.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌను, తరువాతి కాలంలో ఇదే ఊళ్లో పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, వ్రాయసకాళ్ల తప్పులు దిద్దించాడు. ఒక వ్రాయసకాడు కొమ్ము మరిచిపోతే ఇంకొకడి ప్రతిలో అది దొరికేది. ఎందుకంటే వాళ్లు తెలిసీ తెలియక తప్పు రాశారు గానీ, రాయడం చేతకాని చోట ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోలేదు. నీకు చేతకాకపోతే ఆగవలసింది! నాకు ఈ అక్షరం తెలియదు అని ఒక్క మాట చెప్పవలసింది! ఏటేటా నా దగ్గర డబ్బు తీసుకుంటున్నావు కదా, ఒకరి ఇంటి పెళ్లి పద్యాన్ని నమిలి ఉమ్మేసి, పైగా 'విజయవంతంగా పంపబడినది' అని పచ్చరంగులో చూపిస్తావా? ఎవరి విజయం అది?

క్షమించండి. ఏకవచనంలోకి జారాను.

ఆరింటికి ప్రెస్సుకు వెళ్లాను. కుర్రవాడు నేను బాగుచేసిన ఫైలు చూసి, "యూనికోడ్ మాకు పనికిరాదు సార్, కాయితం మీద రాసియ్యండి, మేమే కొట్టుకుంటాం" అన్నాడు. అతనికి కావలసినది కాగితమేనని ఉదయమే తెలిసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. మ్యాటర్ అంతా రాసిచ్చి, పద్యం చోటు ఖాళీ పెట్టి, రేపటి వరకూ గడువు అడిగి వచ్చాను.

రాత్రి కూర్చుని బావగారికి మెయిలు రాశాను. నోటితో అడగలేనిది రాతలో అడగవచ్చు కదా. "ప్రెస్సువారు మీ స్వదస్తూరీలోనే పద్యం అచ్చు వేస్తే శోభగా ఉంటుందంటున్నారు, దయచేసి కాగితం మీద రాసి, ఫొటో తీసి, రేపు పదింటిలోగా పంపగలరు" అని గంటసేపు ఆలోచించి, కొమ్ములూ పొల్లులూ అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని, తెలుగులో టైపు చేసి, వేరే దారి లేక తమరి ద్వారానే పంపాను.

ఈ ఉదయం పదకొండింటికి బావగారు ఫోను చేశారు. ఫొటో రాలేదు.

"మా మెయిలు అందిందా బావగారూ?"

"అందింది బావగారూ."

"చూసినారా?"

అటువైపు కాసేపు మాట లేదు.

"చూసినాం. చాలా బాగా రాసినారు."